కువైటులో మన స్త్రీల పండ్రెండంకెలు

పల్లెలో స్త్రీని గుర్తించుటకు సంఖ్యతో పనిలేదు. ఫలానావారి కుమార్తె, ఫలానావారి కోడలు అన్న చాలును. సముద్రము దాటిన స్త్రీకి మాత్రము ఈ గుర్తులేవియు తోడురావు. అచ్చట ఆమె యెవరో చెప్పునది యొక చిన్న కార్డును, దానిమీది పండ్రెండంకెలును. ఆ యంకెలు పరదేశమున వ్రాయబడినను, వాని పుట్టుక మన యిండ్లలోనే యున్నది. ఈ సంగతి మనలో పెక్కుమంది యెరుగరు.

మా ముదిగుబ్బ ప్రాంతము వానకు ముఖము వాచిన సీమ. అనంతపురపు మెట్టలో సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము కురియును. అదియైనను అదనునకు కురియదు. వేరుసెనగ యెండిన యేట మగవారు బెంగుళూరు రైలెక్కుదురు. కదిరి, రాయచోటి ప్రాంతములనుండి యెందరో స్త్రీలు ఇంటిపనికై కువైటునకు పోయిరి, నేటికిని పోవుచున్నారు. మా యింటివారు బడిపంతులగుటచే, కాగితములు చదివించుకొనుటకు పలువురు మా గడప త్రొక్కుదురు. మగవారితో చెప్పుకొనలేని సంగతులు మావద్ద చెప్పుకొందురు.

కువైటు చేరిన పనికత్తెకు మొదట వైద్యపరీక్ష జరుగును. పిదప వ్రేలిముద్రలు తీసికొందురు. ఆ మీదట నివాసానుమతి లభించును. దీనిని మనవారు 'అకామా' యందురు. అటుపైన పౌరసమాచార సంస్థ వారు సివిల్ ఐడి యను కార్డు నిత్తురు. ఈ సంస్థ 1982వ సంవత్సరపు చట్టముచే నేర్పడినది. ఈ పనులన్నియు జరిపింపవలసిన భారము పనిలో పెట్టుకొన్న యజమానిది. 2019 మార్చి నుండి పాస్‌పోర్టులో నివాసానుమతి చీటీ నంటించుట మానివేసిరి గనుక, ఆ దేశమున నుండుటకు హక్కు గలదని చూపునది ఈ కార్డే. వైద్యశాలకు పోయినను, బ్యాంకులో ఖాతా తెరచినను, ఫోనుకు సిమ్ము కొన్నను మొదట అడుగునది దీనినే.

మన ఆధార్ సంఖ్యకును పండ్రెండంకెలే. కాని ఆధార్ అంకెలు మనిషినిగూర్చి యేమియు చెప్పవు. కువైటు సంఖ్య యట్టిది కాదు. అందు మొదటి యంకె శతాబ్దము: 2 యనిన 1900 మొదలు 1999 వరకు పుట్టినవారు, 3 యనిన 2000 తరువాతివారు. పిమ్మటి యారంకెలు పుట్టిన సంవత్సరము, నెల, తేది. 1981 జూలై 1న పుట్టినట్లు పాస్‌పోర్టున్న స్త్రీ సంఖ్య 2810701 అని మొదలగును. ఆ సంఖ్య చదివిన ప్రతివానికిని ఆమె వయస్సు తెలియును.

ఆ వయస్సు నిజమైనదేనా?

మేమెరిగిన యొక స్త్రీ 2012లో కువైటునకు పోయెను. అప్పటి కామెకు నిండ 24 ఏండ్లు. తేది యామె తల్లికిని తెలియదు. చేనిలో కాయ పెరుకుచుండగా నొప్పులు వచ్చినవని మాత్రము చెప్పును. పదవ తరగతి చదువని స్త్రీలు కువైటు మొదలగు పదునెనిమిది దేశములకు ఇంటిపనికి పోవలెనన్న 30 ఏండ్లు నిండి యుండవలెనని మన ప్రభుత్వపు నిబంధన. లేబ్రాయపు స్త్రీలు పరుల యిండ్లలో కడగండ్లపాలు గాకుండుటకై పెట్టిన కట్టుబాటది. పంపించిన దళారి యామె వయస్సునకు ఏడేండ్లు చేర్చి, 1981 జూలై 1 అని వ్రాయించెను. కాయ పెరుకునాడు పుట్టిన బిడ్డకు విత్తు వేయునాటి తేది వచ్చినది! పూర్వము బడిలో పేరు వ్రాయునపుడును, పుట్టిననాడు చెప్పలేనివారికి జూన్ ఒకటియో జూలై ఒకటియో వేయు వాడుక కలదు. అది తెలియనితనమునకు చేసిన సర్దుబాటు. ఇది తెలిసి చేసిన మోసము.

ఆమె 2023లో తిరిగివచ్చినది. ఆధార్‌లో 1988, పాస్‌పోర్టులో 1981. "అమ్మా, కాయితాల లెక్కన మా అక్కకు నేనే అక్కనైపోతిని" అని యామె నవ్వినది. కాని యే కార్యాలయమునకు పోయినను 'రెంటిలో ఏది నిజము?' అని యడుగగా ఆ నవ్వు నిలువలేదు. పాస్‌పోర్టు దిద్దించుకొన్నచో, పాత తేదితో పుట్టిన కువైటు సంఖ్య దానితో సరిపడదు. దిద్దించుకొననిచో ఇచ్చటి కాగితములతో సరిపడదు. పైగా 2015వ సంవత్సరపు కువైటు చట్టము ప్రకారము 60 ఏండ్లు మించినవారిని ఇంటిపనికి పిలిపించుకొనరాదు. చేర్చిన యేడేండ్లు ఆ చివరను తరుగుదలయై నిలిచినవి. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. వానలేని యేట బిడ్డల యాకలికి వెలగా తన వయస్సునే యిచ్చివేసినది.

భారతములో ద్రౌపదియు పేరు మార్చుకొని సైరంధ్రియై సుధేష్ణ కొలువు చేసినది. అయితే ఆ మారుపేరు తానెరిగి పూనినది. ఏడాది గడువు తీరగానే విడిచినది. కొలువులో చేరకమునుపే యెంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు చెప్పి మరీ చేరినది. మన స్త్రీలకు మారు తేది నెవరో తగిలింతురు; దానికి గడువు లేదు. షరతులు చెప్పుకొనుట కూడ పెక్కుమందికి తెలియదు.

షరతులు లేకపోలేదు. పైని చెప్పిన 2015 చట్టమే వారమున కొకదిన మాటవిడుపును, ఏటేట జీతముతో సెలవును విధించినది. పనికత్తె యిష్టము లేక యామె పాస్‌పోర్టును గాని సివిల్ ఐడిని గాని యజమాని తనయొద్ద నుంచుకొనరాదు. 2016లో నెలకు 60 దినార్లకు తక్కువ జీతమీయరాదని నిర్ణయించిరి. ఈ మాటలు విమాన మెక్కకమునుపే ప్రతి స్త్రీకిని కంఠపాఠముగా నుండవలెను.

కావున ఇంటి యిల్లాండ్రమగు మనము చేయదగినవి కొన్ని కలవు. బిడ్డ పుట్టిన 21 దినములలో జననము నమోదు చేయింపవలెను. దానికి రుసుము లేదు. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసివచ్చును. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడికైనను పాస్‌పోర్టుకైనను జననపత్రమే పుట్టినతేదికి రుజువు. పరదేశము పోవు స్త్రీ పాస్‌పోర్టులో తన పేరు, ఇంటిపేరు, తేది ఆధార్‌తో అక్షరాక్షరము సరిపోయినవో లేదో చదివించుకొనవలెను. వయస్సు పెంచి వ్రాయుదు నన్నవానిని గడప దాటించి పంపివేయవలెను. సివిల్ ఐడి వచ్చిననాడే ఆ పండ్రెండంకెలను ఇంటికి తెలిపి, పుట్టింటను మెట్టినింటను వ్రాసి యుంచవలెను. ఆపద వచ్చి, ఇక్కడివారు కువైటులోని మన రాయబార కార్యాలయమునకు మొర పెట్టుకొన్ననాడు, ఇన్నివేలమందిలో ఫలానా యామె యని చూపుట కవియే తోడ్పడును.

చదువురాని స్త్రీకైనను పండ్రెండంకెలు కంఠస్థము చేయుట కష్టము కాదు. మన పెద్దలు అక్షరము రాకయే వందల పాటలు నోటికి నేర్చినవారు. ఆ అంకెలు నేర్పుట మనము చేయగల పని. వానిలో నిజమైన పుట్టినదినము నిలుచునట్లు చూచుట అంతకంటె ముందు చేయవలసిన పని.