పెల్లింగ్ వంటింట్లో రాగులు

రాగులు కడగడం మనకెవరూ నేర్పక్కర్లేదు అనుకుంటాం కదండీ! చోళ్ళనండి, తైదలనండి, మూడు నీళ్ళు పోసి ఇసుక లేకుండా గాలించడం పుట్టింట్లోనే వచ్చేసిన పని. ఆ ధీమాతోనే సిక్కింలో ఒకావిడ వంటింట్లో దూరి, ఆవిడ చేత చీవాట్లు తిన్నాను.

కిందటి నవంబరులో మావారూ, పిల్లలూ, నేనూ న్యూ జల్పాయ్‌గురి స్టేషన్లో దిగి, జీపులో పెల్లింగ్ చేరాం. దారిలో చాలాసేపు తీస్తా నది పక్కనే ఉంటుంది. ఊరు సుమారు 7 వేల అడుగుల ఎత్తున. మబ్బు విడిచిన పొద్దున కాంచన్‌జంగ కిటికీలోంచే కనబడింది. రెండో రోజు వాళ్ళంతా రబ్దెంత్సే శిథిలాలు చూడ్డానికి వెళ్తే, మోకాళ్ళ నొప్పి వంకతో నేను బసలోనే ఉండిపోయాను. నిజం చెప్పొద్దూ, నా కన్ను ఆ ఇంటి వంటింటి మీదుంది.

ఇంటావిడ లింబూ జాతి స్త్రీ, అరవై దాటాయి. ఆ రోజు తోంగ్బాకు రాగులు వేస్తోంది. తోంగ్బా అంటే రాగుల్ని పులియబెట్టి చేసే బీరు లాంటిది. రాగులు శుభ్రంగా కడిగింది, మనలాగే. మెత్తగా ఉడికించి, నీళ్ళు వార్చి, వెదురు చాప మీద పరిచింది. పొగలు పోయేదాకా మర్చా ముట్టుకోలేదు. మర్చా అంటే బియ్యప్పిండిలో అడవి మూలికలు కలిపి చేసిన బిళ్ళ. వేడి పాలల్లో తోడు వేస్తే పెరుగు విరుగుతుందే, అదే సూత్రం.

నాకు ఆగదు కదా. "దీదీ, చన్నీళ్ళతో ఒక్కసారి కడిగేస్తే తొందరగా చల్లారుతుందిగా?" అన్నాను వచ్చీరాని హిందీలో. ఆవిడ చెయ్యి ఆపేసింది. "కడుగుడంతా ఉడకకముందే బహినీ. ఇప్పుడు కడిగితే సారం కారిపోతుంది, నీళ్ళెక్కువై గింజ కుళ్ళుతుంది" అంది.

మర్చా పొడి కలిపిన రాగుల్ని ఆకులు పరిచిన బుట్టలో రెండు మూడు రోజులుంచుతారు. తర్వాత కుండలో గాలి చొరకుండా మూస్తారు. చలికాలంలో ఇంకో వారం పడుతుందిట.

అసలు కడుగుడు చివర్లో ఉంది చూడండి! అంతకుముందు పులిసిన రాగుల్ని ఎత్తైన వెదురు పాత్రలో నింపి, కాగే నీళ్ళు పోసింది. కాసేపాగి సన్నటి వెదురు గొట్టంతో పీల్చడమే. అయిపోతే మళ్ళీ వేడినీళ్ళు. మన రెండో డికాక్షన్, మూడో డికాక్షన్ అనుకోండి. గింజని కడిగిన నీళ్ళే అక్కడ పానీయం! అమెరికాలో బార్లీతో బీరు చేసుకునే మా అక్క కొడుకుతో చెబితే, వాళ్ళూ నానిన గింజ మీద వేడినీళ్ళు పోసి తీపి దింపుతారనీ, మరీ ఎక్కువ కడిగితే పొట్టులోంచి వగరు దిగుతుందని కొందరు అసలు కడగరనీ అన్నాడు.

ఆవిడ మొదటి పాత్ర బాలింతరాలైన కోడలికిచ్చింది. బలం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఇప్పటి డాక్టర్లు ఒప్పుకోరు, నాకూ మనసొప్పలేదు, కానీ పరాయింట్లో ఏమంటాను? రెండోది నా ముందు పెట్టింది.

నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో. మా నాన్న సంపాదన సారాకొట్టుకే పోయేది. 1992లో సారా మీద ఆడవాళ్ళు తిరగబడినప్పుడు మా అమ్మ చీపురు పట్టుకుని ముందు నడిచింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగిపోయిన రోజున మా ఇంట్లో పాయసం వండాం. ఆ వాసనంటే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఆవిడ నా మొహమే చూస్తోంది. ఒక్క గుక్క పీల్చాను. పుల్లగా, కాస్త తియ్యగా, వెచ్చగా ఉంది. సారా వాసన లేదు. దణ్ణం పెట్టి పాత్ర పక్కన పెట్టేశాను. ఆవిడేమీ అనుకోలేదు, టీ పెట్టింది.

రాత్రి ఫోన్లో అమ్మకి అంతా చెప్పాను, గుక్క సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు.

"రాగులు కడిగేది అడిగినావు, బాగుంది. అది తాగినాక అక్కడి మగోళ్ళు ఇంటికొచ్చి ఎట్లుంటారో, ఆయమ్మని అడిగినావా?" అంది.

అడగలేదు.