ఆరె పిడి, విమ్‌ఆర్‌సీ ఫైలు

పోయిన భాగం చదివి తిరువూరు నుంచి ఒక డిగ్రీ తమ్ముడు అడిగాడు: "అన్నా, మౌస్ ముట్టకుండా కోడ్ ఎలా రాస్తావు? అది నేర్చుకుంటే మాకేం ఒరుగుతుంది?" ఈ భాగం ఆ ప్రశ్నకే.

నేను వాడేది విమ్. దాని తాత పేరు వీఐ. 1976లో బిల్ జాయ్ రాశాడు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ఉండేవి. అందుకే ఇవాళ్టికీ కర్సర్ ఆ నాలుగు కీలతో కదులుతుంది. ఎవరి బల్ల మీద ఏ యంత్రం ఉందో, పనిముట్టు దాన్నిబట్టే తయారైంది. మిగతా లోకం దానికి వేళ్లు అలవాటు చేసుకుంది.

కానీ మనం మార్చుకోవడానికి విమ్‌ఆర్‌సీ అనే చిన్న ఫైలుంది. ఏ కీ ఏం చెయ్యాలో అందులో మనమే రాసుకోవచ్చు. ఎస్కేప్ కీ నా వేలికి దూరం. జె రెండుసార్లు కొడితే ఎస్కేప్ అయ్యేలా రాసుకున్నా. స్పేస్ కొట్టి డబ్ల్యూ కొడితే ఫైలు సేవ్. స్పేస్ కొట్టి ఆర్ కొడితే పైథాన్ ప్రోగ్రాం నడుస్తుంది. రోజంతా చేసే పనులివే కదా.

ఇంజనీరింగ్‌లో నా పక్క బెంచీ వాళ్లకి ఇలాంటి ఫైలు అమెరికాలో ఉన్న అన్నయ్యో, బావో పంపేవాడు. పొలం లాగే అదీ వారసత్వం. మా పేటలో అలాంటి అన్నయ్య లేడు. తిరువూరు ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గమే. సీటుకి రిజర్వేషన్ ఉంది, ఈ ఫైలుకి లేదు. నేను హెల్ప్ పేజీలు చదివి ఒక్కో లైను రాసుకున్నా.

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆరెకీ రంపెకీ పిడి తన చేతికి సరిపడేలా తనే చెక్కుకునేవాడు. కులవృత్తిని పొగడటానికి చెప్పట్లేదు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని బాబాసాహెబ్ 1936లోనే తేల్చారు. నేననేది ఒక్కటే. పనిముట్టుని చేతికి తగ్గట్టు మార్చుకునే తెలివి మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉంది. దాన్ని చదువు అని ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

లాప్‌టాప్ లేదని ఆగొద్దు. విమ్ పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ వేసుకుంటే అక్కడా నడుస్తుంది. వాల్యూం తగ్గించే బటనే కంట్రోల్ కీ అవుతుంది. విమ్‌ట్యూటర్ అనే పాఠం అరగంట పని. తెలుగు కూడా రాయాలంటే ఈమాక్స్ చూడండి. అందులో తెలుగు ఇన్‌పుట్ ముందే ఉంది, కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ నొక్కి తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మారొచ్చు.

విమ్‌ని 1991లో విడుదల చేసిన బ్రామ్ మూలెనార్ 2023లో చనిపోయాడు. వాడుకున్నందుకు డబ్బు కట్టమనలేదు. నచ్చితే ఉగాండాలో పేద పిల్లలకి సాయం చెయ్యమన్నాడు. నా ఫైలు అడిగిన ప్రతి ఒక్కరికీ ఇస్తా. షరతులు మూడు. అర్థమైన లైన్లే ఉంచుకోండి. ఒక్క లైనైనా మీది కలపండి. తర్వాత మీ వెనకొచ్చే చెల్లికో తమ్ముడికో ఇవ్వండి. మన పేటల్లో వారసత్వం ఇలాగైనా మొదలవ్వాలి.

జై భీమ్.