ఎవరి చావు, ఎవరి నిర్ణయం?
కౌలు రైతు పురుగుమందు తాగి పోయాడంటే మా వైపు ఊళ్లలో ముందు వినిపించే మాట, "వాడి ఖర్మ". ఆ మాట నాకు మింగుడు పడదు.

1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. ఆకులు జిగటపట్టి, మసి పూసినట్టు నల్లబడ్డాయి. మందు కొట్టిన కొద్దీ దోమా పెరిగింది, అప్పూ పెరిగింది. విత్తనం అరువు, మందు అరువు, పంట అమ్మేది ఆ అరువిచ్చిన కొట్టుకే. అప్పుడు ప్రాణం తీసుకున్న రైతులు తమంతట తాము ఎంచుకున్నది ఏముంది?

ఏదీ తనంతట తాను పుట్టదనీ, కారణాలను ఆశ్రయించే పుడుతుందనీ బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడి వాదం. చావుకీ కారణాలుంటాయి. వాటిలో మనమూ ఉంటాం.

ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారికి సంరక్షణ అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. చట్టం అంతదూరం నడిచింది. మనం ఇంకా ఖర్మ దగ్గరే నిలబడ్డాం.

ఆ కారణాల్లో మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. సాగుదారుల హక్కులపై ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 2019 చట్టం కౌలుదారు సాగుహక్కు పత్రానికి భూయజమాని సంతకం అడిగింది. ఆ కాగితం లేనివాడికి బ్యాంకు అప్పు, నష్టపరిహారం అందడం కష్టం. పొలం కౌలుకిచ్చిన అయ్యలారా, అమ్మలారా, దయచేసి ఆ సంతకం పెట్టండి.