ఎవరి మునుం వాళ్లది

జెనీవా స్టేషన్ దగ్గర 18వ నంబరు ట్రామ్ ఎక్కితే చివరి స్టాపు సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన కేంద్రం. అందరూ చూడాలనుకునేది ప్రోటాన్లను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రం; అది భూమి అడుగున 27 కిలోమీటర్ల సొరంగంలో ఉంది. నేను వెళ్లింది పైనున్న కంప్యూటర్ సెంటర్ కోసం. తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి దగ్గరుండి చూపించింది.

లోపల ఫ్యాన్ల హోరు. గొంతు పెంచితే గాని మాట వినపడదు. ఒకచోట రోబో చెయ్యి అరలోంచి టేపు లాగి డ్రైవులో పెట్టింది. అరచేతిలో పట్టే క్యాసెట్టు. ‘ఇంకా టేపులేనా?’ అన్నాను. ‘చౌకండీ. అరలో ఉన్నంతసేపూ కరెంటు తినదు’ అంది.

సొరంగంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురెదురవుతాయి. ఆ ఢీల్లో పనికొచ్చేవి మాత్రమే ఏరి దాచినా, ఆ లెక్కలు ఒక్కచోట తెమిలేవి కావు. అందుకే 42 దేశాల్లోని 170 దాకా కేంద్రాలను కలిపి గ్రిడ్ కట్టారు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ సెంటర్ అందులోవే.

‘ఇంతింత దూరాన ఉంటే పని కుంటుపడదా?’ అని అడిగాను.

‘నాట్లు చూశారుగా! ఎవరి మునుం వాళ్లది. పక్కావిడ వెనకబడిందని నా చెయ్యి ఆగదు. ఇక్కడ ఒక ఢీ లెక్కకి ఇంకో ఢీతో పనిలేదండీ. ఒకచోట మిషను పడిపోతే ఆ ముక్క ఇంకోచోటికి పంపుతాం, అంతే. వాతావరణం లెక్క అలా కాదు, అది గూడ వెయ్యడం. ఇద్దరి ఊపూ కలవాలి. పక్క గడిలో గాలి ఎటు మళ్లిందో తెలియందే ఈ గడి లెక్క సాగదు. దానికి ఒకే గదిలో ఉండే సూపర్ కంప్యూటరే కావాలి.’

గ్రిడ్ గురించి చాలా చదివాను. ఏ పని పంచితే సాగుతుందో, ఏది పంచితే చెడుతుందో ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ దొరికిందని సెర్న్ ప్రకటించింది కదా, దాని వెనక ఈ మునుం పట్టిన కంప్యూటర్లన్నీ ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఇంకో మాట చెప్పింది. 2004 నుంచి ‘ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్’ అని ఒకటి నడుస్తోంది. మామూలు ఇంటి కంప్యూటర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు ఒక ముక్క లెక్క చేసి పంపవచ్చు. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబులకు రాత్రి తాళం పడుతుంది. అధ్యాపకులారా, ఒక్క ల్యాబుతో మొదలుపెట్టి చూడండి.