పోటు తీసేదాకా

రాత్రి పదకొండు. అలాస్కాలో పొద్దున తొమ్మిదిన్నర.

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో హోమర్ నుంచి లేచి, కుక్ ఇన్‌లెట్ దాటి, కట్మాయ్ తీరంలో హాలో బే ఇసుక మీద దిగాలని ప్లాన్. చిన్న కార్బన్ కబ్ విమానం, బూరెల్లాంటి టైర్లు. అక్కడ రన్‌వే లేదు, రోడ్డూ లేదు. ఎలుగుబంట్లు మాత్రం బోలెడు.

నిజమైన పైలట్లు పోటు తీశాక, గట్టిగా ఉన్న తడి ఇసుక మీద దిగుతారు. నీళ్లు తిరిగొచ్చేలోపు లేచిపోవాలి.

నేనూ పోటు టైములు వెతికి, లెక్కలేసి, అరగంట కూర్చున్నా.
అప్పుడు వెలిగింది... నా సిమ్యులేటర్‌లో సముద్రానికి ఆటుపోట్లే లేవు!

అయినా లేవబుద్ధి కాలేదు. ఆగాను.

"ఇంకా పడుకోలేదేంట్రా?" అంది అమ్మ.
"నీళ్లు వెనక్కి పోవాలమ్మా."
ఆ చూపు వర్ణించలేను 😄

ఎవరూ పెట్టని రూల్‌కి ఇలా కట్టుబడిపోయేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా ఇక్కడ?