బేరమాడే నాలుక



సామెతల గ్రంథం 20వ అధ్యాయం 14వ వచనం ఒకసారి తెరిచి చదవండి. సరుకు ముందు నిలబడి, ఇది దేనికీ పనికిరాదని పెదవి విరిచి, ధర తగ్గించుకుని, ఇంటికి పోయాక భలే కొన్నానని చెప్పుకునే మనిషి అక్కడ కనబడతాడు. అమ్మేవాడి మోసం మీద మనం చాలా ప్రసంగాలు విన్నాం. దొంగ త్రాసు, తప్పుడు రాళ్ళు, పాలలో నీళ్ళు, ఇవన్నీ మనకు తెలుసు. కొనేవాడి మోసం మీద విన్నది తక్కువ. దానికి త్రాసు అక్కర్లేదు, రాళ్ళు అక్కర్లేదు. నాలుక ఒక్కటి చాలు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈమధ్య సంఘం సొమ్ముతో ఒక పాత మోటారు సైకిలు కొన్నాం. "అయ్యగారూ, అంత పెద్ద బండి ఎట్లా వచ్చింది? ఎంతకొచ్చింది?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. అది మీ కానుకల సొమ్ము, అడిగే హక్కు మీకుంది. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

ఏర్పేడు చుట్టూ మూడు పల్లెల్లో మన కూడికలు జరుగుతాయి. పాత వంద సీసీ బండి మీద మేమిద్దరం దంపతులం, వెనకాల పుస్తకాల సంచి, రాత్రి పది గంటలప్పుడు గులకరాళ్ళ బాట. అది మీరూ చూసిందే. బండి మార్చాలని కమిటీ నిర్ణయించి, రిపేర్లతో కలిపి 1,20,000 రూపాయలు మించకూడదని తీర్మానం రాసింది. ఆ డబ్బుతో మామూలు కొత్త బండి వస్తుంది. కానీ రాళ్ళ బాటకూ, ఇద్దరికీ, సామానుకూ తట్టుకునేది కావాలంటే పాత హిమాలయన్ చూడమని మెకానిక్ షెడ్డు నడిపే మన సంఘ పెద్ద చెప్పాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 2016లో తెచ్చిన బండి అది. 411 సీసీ ఇంజను, పదిహేను లీటర్ల ట్యాంకు, ముందు చక్రం 21 అంగుళాలు. చక్రం పెద్దదైతే గుంతలో దిగబడకుండా దాటిపోతుంది. 2023లో కొత్త ఇంజనుతో వేరే మోడల్ వచ్చింది కాబట్టి పాతవి ఇప్పుడు మన అందుబాటు ధరకే దొరుకుతున్నాయి.

మన మండలంలోనే ఒక ఊళ్ళో 2019 నాటి బండి ఉందని తెలిసింది. మేమిద్దరం, సంఘ పెద్ద, ముగ్గురం వెళ్ళాం. బండి యజమాని చనిపోయి రెండు నెలలయిందట. అమ్ముతున్నది ఆయన భార్య. ఆమె మన సంఘస్థురాలు కాదు, మన విశ్వాసమూ కాదు. కొడుక్కి కాలేజీ ఫీజు కట్టాలి, అందుకే అమ్ముతున్నానని చెప్పింది.

ముందు బండి సంగతి చెబుతాం. మీలో పాత బండ్లు కొనే పిల్లలున్నారు, వాళ్ళకు పనికొస్తుంది. సంఘ పెద్ద మొదట ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మనం వచ్చేలోపు స్టార్ట్ చేసి వేడి చేసిపెట్టిన ఇంజను తన రోగం దాచుకుంటుంది, చల్లని ఇంజను దాచుకోలేదు. సెల్ఫ్ కాస్త నీరసంగా తిరిగింది, అంటే బ్యాటరీ అయిపోవచ్చింది. నీలం పొగ రాలేదు, ఆయిల్ కాలడం లేదన్నమాట. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటే. టైరు పక్కన 2319 అని ఉంది. 2019లో 23వ వారంలో తయారైన టైరు అని దానర్థం. మీద గాట్లు కనబడుతున్నా రబ్బరు గట్టిపడిపోయింది. వెనక స్ప్రాకెట్ పళ్ళు అరిగి కొక్కేల్లా వంగాయి. ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది.

ఇన్సూరెన్సు తేదీ చూసుకుని, మన పాత బండి తాళం ఆమె చేతిలో పెట్టి, హెల్మెట్లు పెట్టుకుని రోడ్డెక్కాం. వెంకటగిరి రోడ్డు మీద ఐఐటీ దాటేదాకా పోయి, తిరుగుదారిలో మట్టి బాట పట్టాం. ఇద్దరం కూర్చునే చూడాలి, ఎందుకంటే ఇద్దరం ఎక్కేదే ఎక్కువ. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ హ్యాండిలు పట్టు సడలిస్తే బండి పక్కకు లాగలేదు. గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోలేదు, కాలి కింద టకటకమని తట్టింది. అది ఏబీఎస్ పనిచేస్తోందని గుర్తు. రాళ్ళ మీద పోతున్నప్పుడు వెనక కూర్చున్న నడుముకు దెబ్బ తగల్లేదు. ఆ ఒక్క పరీక్షలో అమ్మగారు బండికి నూటికి నూరు మార్కులు వేసేశారు.

తిరిగొచ్చాక ఆమె లోపలికి పోయి ఒక పాకెట్ డైరీ తెచ్చి ఇచ్చింది. "ఆయన పెట్రోలు పోసినప్పుడల్లా రాసుకుంటా ఉండె సార్. మీకేమైనా పనికొస్తాదేమో చూడండి." నిజంగానే ప్రతి ట్యాంకూ, ప్రతి సర్వీసూ తేదీతో, కిలోమీటర్లతో సహా ఉంది. కన్యాకుమారి పోయొచ్చిన లెక్క ఉంది. ఒక పేజీలో హార్స్‌లీ హిల్స్ మలుపులో ఇసుక మీద జారి పడ్డానని, హ్యాండిలు మార్పించానని రాసి, దాని బిల్లు గుండుసూదితో గుచ్చిపెట్టాడు. అమ్మేవాళ్ళు ఎవరైనా దాచే సంగతి, ఆ మనిషి రాసిపెట్టి పోయాడు.

ధర అడిగాం. "డెబ్బై వేలు ఇస్తే చాలు సార్" అంది. ఎట్లా నిర్ణయించారమ్మా అంటే, ఒక బ్రోకరు వచ్చి అంతకు మించి రాదన్నాడట. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెడితే సాయంత్రానికే డబ్బులిస్తాను, ఆఫీసుల చుట్టూ తిరిగే పనిలేదు అన్నాడట.

మేము పక్కకు వచ్చి మాట్లాడుకున్నాం. సంఘ పెద్ద అన్నాడు: "ఈ కండిషన్‌లో, టైర్లూ చైనూ బాగుంటే 1,15,000 పలికే బండి ఇది అయ్యగారూ. రిపేర్లకు పద్దెనిమిది వేలు పోయినా, డెబ్బైకి వస్తే మనకు ఇరవై ఏడు వేలు మిగులుతాయి. మందిరం రేకులు మార్చచ్చు. రేటు మనం అడగలా, ఆమే చెప్పింది."

ఆ మాటను తేలిగ్గా తీసేయకండి. ఆయన తన జేబు కోసం అనలేదు. వర్షం వచ్చినప్పుడు మందిరంలో ఏ మూల బకెట్ పెట్టాలో మీకందరికీ తెలుసు. కూలి చేసుకునే తల్లులు ముడుపు కట్టి తెచ్చిన కానుక అది. ఆ సొమ్మును ఎక్కువగా ఖర్చుపెట్టే హక్కు మాకు లేదు. ధర్మం మన చేతి డబ్బుతో చేయడం వేరు, సంఘం డబ్బుతో చేయడం వేరు. అందువల్ల మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

చివరికి అమ్మగారు అన్నారు: "ఆ ఇరవై ఏడు వేలు మనకు మిగిలేది కాదు, ఆమె దగ్గర నుంచి వచ్చేది. కానుక అంటే తెలిసి ఇచ్చేది కదా. ఆమెకు తెలియకుండా ఆమె చేత రేకులు వేయించుకుని, వాటి కింద కూర్చుని విధవరాండ్ర కోసం ప్రార్థన ఎట్లా చేస్తాం?"

సంఘ పెద్ద కాసేపు తల గోక్కున్నాడు. "సరే అమ్మగారూ. రిపేర్లలో మాత్రం ఒక్క పైసా వదలను" అన్నాడు. అది న్యాయమైన మాట. బేరం పాపం కాదు. ఉన్న లోపాన్ని ఉన్నంతగా చెప్పి దాని ఖర్చు తగ్గించమనడం నిజాయితీయే. అరిగిన చైనును అరిగిందనాలి. బాగున్న ఇంజనును కూడా బాగుందనాలి. రెండోది చెప్పని నోటికి మొదటిది చెప్పే అధికారం లేదు.

ఆమె ముందే ఒక కాగితం మీద లెక్క వేశాం. ధర 1,15,000. రెండు టైర్లకు 9,000. చైను, స్ప్రాకెట్లకు 4,500. బ్యాటరీకి 2,500. ఫోర్కు సీళ్ళకు, ఆయిల్‌కు 2,000. మొత్తం 18,000 తీసేస్తే 97,000. అక్కడ సంఘ పెద్ద, బండి ఒకసారి పడింది కాబట్టి ఇంకో మూడు వేలు తగ్గించవచ్చు అన్నాడు. మళ్ళీ తనే ఫోర్కులు, రిమ్ము, ఫ్రేము చూశాడు. వంకర లేదు. "వద్దులే. డైరీ ఇవ్వకపోయుంటే మనకు తెలిసేదే కాదు. నిజం చెప్పినోళ్ళకు జరిమానా వేస్తే రేపు ఎవరు చెప్తారు?" అని తనే కొట్టేశాడు. ఆ రోజు మేము విన్న ప్రసంగం అదే.

ఆమె మాత్రం సంతోషపడలేదు, భయపడింది. "నేను డెబ్బై అంటే మీరు తొంబై ఏడు అంటారేంది? ఇందులో ఏముండాది?" అంది. తప్పు ఆమెది కాదు. కొనడానికి వచ్చినవాడు ధర పెంచడం ఆ తల్లి ఎప్పుడూ చూసి ఉండదు. శ్రీకాళహస్తిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. అతను వచ్చి కాగితం చూసి, ఇంకో ఇద్దరు మెకానిక్కులను అడిగి, మూడో రోజు సరేనన్నాడు.

ఇంకో విషయం ముఖ్యంగా వినండి. బ్రోకరు చెప్పిన ఖాళీ సంతకాల పద్ధతి ప్రమాదం. డబ్బు ముట్టినంత మాత్రాన బండి చేతులు మారదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని. బండి అమ్మేసినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత ఆ పేరున్న మనిషి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అంటే ఎవడో ఎక్కడో గుద్దితే కోర్టు కాగితం వచ్చేది ఈ ఇంటికి. యజమాని చనిపోతే మూడు నెలలలోపు వారసులు ఫారం 31 పెట్టుకుని తమ పేరుకు మార్చుకోవాలి. తర్వాత అమ్మేటప్పుడు ఫారం 29, 30. కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. మేము సగం డబ్బు బ్యాంకు ద్వారా ముందే వేసి రసీదు తీసుకుని, పేరు మారాక మిగతాది వేశాం. ఆర్టీవో ఆఫీసుకు ఆమెతో పాటు అమ్మగారే వెళ్ళారు. డైరీలో సర్వీసు పేజీలు ఫొటో తీసుకుని, డైరీని ఆ ఇంటికే తిరిగి ఇచ్చేశాం. మేము కొన్నది బండిని, ఆయన చేతిరాతను కాదు. పేరు మార్పిడి, కొత్త ఇన్సూరెన్సు అన్నీ కలిపి తీర్మానం దాటలేదు. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. రేకులు ఇంకా మార్చాల్సే ఉంది.

ఇప్పుడు ఆదికాండం 23వ అధ్యాయం చూడండి. శారా చనిపోయింది. అబ్రాహాము పరదేశి, చుట్టూ ఉన్నది హేతు కుమారులు, వేరే ప్రజలు. పొలం ఊరికే తీసుకోమని ఎఫ్రోను మాట వరసకు అన్నా ఆయన ఒప్పుకోలేదు. పూర్తి ధర ఇస్తానన్నాడు. 400 తులాల వెండి, వర్తకులలో చెల్లే తూకంతో, ఊరి ద్వారం దగ్గర, అందరూ వింటుండగా తూచి ఇచ్చాడు. మన పశువుల సంతల్లో టవలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేయడం మీకు తెలుసు. పక్కవాడికి తెలియకూడదని అట్లా చేస్తారు. అబ్రాహాము బేరానికి టవలు లేదు. దేవుడు వాగ్దానం చేసిన దేశంలో ఆయన డబ్బిచ్చి కొన్న మొదటి నేల అది. అందులో మరొకరి కన్నీళ్ళు కలవలేదు.

ప్రియులారా, మనలో రైతులున్నారు. బుట్ట దించగానే "మచ్చలున్నాయి, మెత్తబడింది" అని ఒక్క చూపుతో ధర కోసేసే మనిషి ముందు నిలబడిన బాధ మీకు తెలుసు. ఆ బాధ తెలిసిన మనమే ఆకుకూరల అవ్వ దగ్గర, అప్పుల పాలై ఆవును అమ్ముకునే పొరుగువాని దగ్గర, ఆ మనిషి నాలుకే అరువు తెచ్చుకుంటే ఎట్లా?

కాబట్టి ఈ వారం ఏదైనా కొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ లోపం నిజంగా ఉందా, ధర కోసం కల్పిస్తున్నామా? రేపు ఇదే వస్తువును మనం అమ్మాల్సి వస్తే ఇదే మాట అంటామా? ఎదుటివాళ్ళకు ధర తెలియకపోవడం వల్ల, లేక వాళ్ళ అవసరం వల్ల మనకు ఎంత మిగులుతోంది? మూడో ప్రశ్నకు జవాబు రూపాయల్లో వేసుకోండి. ఆ అంకె మన లెక్కల పుస్తకంలో లాభం కింద ఉన్నా, దేవుని దగ్గర ఇంకొకరి పేరు కింద ఉంటుంది.

న్యాయమైన తూకం కోరే దేవుడు మన చేతులతో పాటు మన నాలుకలనూ సరిచేయును గాక. ఆమేన్.