మేఘముల నడుమ మూడు దినములు

కార్తిక మాసమున వనభోజనములకు పోవుట మన యిండ్లలో పరిపాటి. ఉసిరిచెట్టు నీడను నాలుగు గడియలు కూర్చుండి, పులిహోరయు గారెలును ఆరగించి, ప్రొద్దు గ్రుంకకమునుపే యిల్లు చేరుదుము. ఈ యేడు మేము చేసిన వనయాత్ర అట్టిది కాదు. విశాఖపట్టణమున బయలుదేరి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్టణము వరకు మూడు దినములు మోటారు సైకిలుపై పోయి వచ్చితిమి. బండి నడిపినది మా నెచ్చెలి. వెనుక కూర్చున్నవారము మేము. వేడుకకై చేసిన పయనము కాదు గనుక దాని కారణమును ముందుగా విన్నవించుట యుచితము.

మా నెచ్చెలి నర్సు ఉద్యోగము చేయుచున్నది. ఆమె భర్త మూడేండ్ల క్రిందట వ్యాధిచే గతించెను. ఆయన విడిచిపోయిన మోటారు సైకిలును అమ్మివేయుమని బంధువులందరును చెప్పగా, ఆమె అమ్మలేదు, నడుప నేర్చుకొనెను. ఇపుడామెకు పాడేరునకు అవతలనున్న యొక ఆరోగ్యకేంద్రమునకు బదిలీ యైనది. పదేండ్ల కుమారుని అత్తగారి యొద్ద విడిచి తాను కొండపై నుండవలయును. సెలవు దొరకినపుడెల్ల బండిపై దిగి రావలయును. అత్తగారు వలదని నోట అనలేదు గాని అన్నము సరిగా తినుట మానెను. తుదకొకనాడు మమ్ము పిలిపించి, "అమ్మాయీ, నీవు మాష్టరుగారి భార్యవు, నాలుగు పుస్తకములు చదివినదానవు. కోడలితో కూడ పోయి ఆ దారిని, ఆ యూరిని నీ కన్నులతో చూచి రమ్ము. పోవచ్చునని నీవన్న పోనిత్తును. వలదన్న ఎట్లయినను ఆపుదును" అనెను. ఇంతటి భారమును మాపై పెట్టునని మేమనుకొనలేదు.

తెల్లవారుజామున బయలుదేరితిమి. చీరలు మాని చుడీదారులు ధరించి, చున్నీల కొసలను వెనుకకు ముడివేసి నడుమునకు దోపుకొంటిమి. వ్రేలాడు కొంగు చక్రమున చిక్కుకొని స్త్రీలు ప్రాణములు పోగొట్టుకొన్న వార్తలు మనము వినుచునే యున్నాము. ఇరువురకును హెల్మెట్లు, వానకోట్లు. సంచిలో పొడిబట్టలు రెండేసి జతలు, మేజోళ్ళు. మేము భాగవతమును కూడ పెట్టుకొనబోగా, "వదినా, దాని బరువునకు బదులు ఇంకొక దుప్పటి పెట్టుకొందము" అని మా చెలి నవ్వెను. ఆమె మాటయే సరియని మొదటి రాత్రియే తెలిసినది.

సముద్రతీరమున ఆ వేళకే ఉక్కపోత. శృంగవరపుకోట చేరులోపల చొక్కాలు వీపునకు అంటుకొనెను. ఆ యూరు దాటి బొడ్డవర కడ కొండ ఎక్క మొదలిడగానే గాలి మారెను. ఈ మార్పునకు కారణము కలదు. బంగాళాఖాతము మీదినుండి వచ్చు తేమగాలి ఈ తూర్పు కనుమలకు తగిలి పైకి లేచును. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడును. వేయి మీటర్ల ఎత్తునకు సుమారు 6 డిగ్రీల వేడిమి తగ్గును. చల్లబడిన గాలి తన తేమను మోయజాలక మేఘముగను వానగను విడుచును. అందుచే కొండ అడుగున ఎండ, నడుమ వాన, పైన మంచు ఒక్క పూటలోనే అనుభవింపవచ్చును. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. విశాఖనుండి దూరము సుమారు 115 కిలోమీటర్లు మాత్రమే అయినను, ఆ కొద్ది దూరములోనే మేము రెండు ఋతువులు దాటితిమి.

దారి పొడుగున అప్పుడప్పుడు కొత్తవలస, కిరండూలు నడుమ రైలుమార్గము కానవచ్చుచుండెను. బైలడిలా ఇనుపరాతిని సముద్రమునకు చేర్చుటకై 1960వ దశాబ్దిలో కొండలను తొలిచి దీనిని వేసిరి. రైలు సొరంగమున దూరి మరల వెలుపలికి వచ్చునప్పుడు పిల్లలు కిటికీలలోనుండి చేతులూపిరి. మేమును ఊపితిమి. మా చెలి మాత్రము ఊపలేదు. ఆమె చేతులు రెండును బండి పిడులపైనే యుండెను.

అనంతగిరి దాటి గాలికొండ చేరువకు వచ్చునప్పటికి మధ్యాహ్నము మూడు గంటలైనది. సన్నని వాన కురిసి వెలిసెను. అంతవరకు చెట్ల కొసలపై ఆడుచుండిన మేఘము ఒక మలుపు తిరుగగానే దారిపైకి దిగెను. పది అడుగుల అవతల నేమియు కానరాలేదు. హెల్మెట్ల అద్దములపై నీరు పట్టి, తుడిచినకొలది మసకబారుచుండెను. మా చెలి బండిని ప్రక్కనున్న టీ బడ్డీ కడ ఆపి, తాళము తీసి, సంచిలో వేసికొనెను.

"వదినా, అరకు ఇక నెంతో దూరము లేదు. చీకటి పడక మునుపే చేరవలదా? లారీలు పోవుచునే యున్నవి. ఒకదాని వెనుక ఎఱ్ఱదీపము చూచుకొనుచు పోదము" అంటిమి.

"ఆ లారీవానికి దారి కనబడుచున్నదో లేదో మనకేమి తెలియును? అతడు తప్పిన మనమును తప్పుదుము. నేను కదలను" అని ఆమె బల్లపై కూర్చుండెను.

మాకు కోపము వచ్చినదని చెప్పుటకు సిగ్గుపడము. గది మాటాడుకొన్నచోట వేళకు చేరవలయునని తొందర యొకటి, చలి యొకటి. అన్నిటికంటె మించి, ఈమె భయపడుచున్నదని మేము తలచితిమి. పగటివేళ మేఘమునకే బండి ఆపినది, రేపు ఒంటరిగా నెట్లు తిరుగును? అత్తగారికి చెప్పవలసిన మాటను మనసులో అపుడే కూర్చుకొనుచుంటిమి. బడ్డీలోని ముసలమ్మ కాల్చిన మొక్కజొన్న పొత్తులు చేతికిచ్చెను. గంటసేపు వానిని వలుచుకొని తినుచు ఒకరితో నొకరము మాటాడలేదు.

మేఘము ఎట్లు వచ్చెనో అట్లే లేచిపోయెను. బండి ఎక్కి రెండు మలుపులు దాటితిమి. మూడవ మలుపు కడ ఏడెనిమిది ఆవులు దారి నడుమ పడుకొని నెమరువేయుచుండెను. తడిసిన తారుపై నల్లని ఆవులు. ఆ వెలుతురులో గూడ దగ్గరకు పోవువరకు సరిగా కానరాలేదు. మా చెలి మెల్లగా హారను మ్రోగించి, అవి లేచువరకు కాచుకొనెను. ఆమె యేమియు అనలేదు. మేమును అనలేదు గాని, మనసులో కూర్చుకొన్న మాటను అచ్చటనే విడిచితిమి.

మరునాడు అరకులోయలో ఎండ కాచెను. లోయయంతయు వలిసె పూవులతో పసుపు ఆరబెట్టినట్లుండెను. కొండవాలులపై కాఫీ తోటలు. కాఫీ మొక్కకు నేరుగా ఎండ తగులరాదు గనుక వెండి ఓకు చెట్లను నీడకై పెంచి, ఆ చెట్లకు మిరియపు తీగెలు ప్రాకింతురు. 2014 అక్టోబరున వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ నీడచెట్లను కూల్చి తోటలకు మిక్కిలి నష్టము చేసెను. అయినను గిరిజనులు మరల నాటుకొనిరి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. కొండమీదివారికి వాతావరణము వినోదము కాదనియు, అది వారి సంసారమనియు ఈ తోటలను చూచినపుడు మాకు తోచినది.

పాడేరు చేరి మోదకొండమ్మవారికి నమస్కరించుకొంటిమి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది మొదలు ఈ యూరే జిల్లా కేంద్రము. అచ్చటనుండి ముందునకు సాగినంతనే ఎండలోనే వాన ఆరంభమాయెను. నిమిషములో ఎండ పోయినది, వాన మిగిలినది. ఒక చెట్టు క్రింద ఆగబోవుచుండగా, ఎదుటి కొండకాలిబాటనుండి నలుగురు మనుష్యులు డోలీ మోసికొని దిగుచుండిరి. దారిలేని పైగూడెములనుండి రోగులను, నిండుచూలాండ్రను నేటికిని ఇట్లే కఱ్ఱకు దుప్పటి కట్టి మోసికొని వత్తురని విని యుంటిమి. చూచుట అదే మొదలు. లోపల పదునెనిమిది, ఇరువది యేండ్ల పిల్ల నొప్పులు పడుచున్నది. అంబులెన్సునకు కబురుపోయినది, ఇంకను రాలేదు.

మా చెలి బండి నిలిపి పరుగెత్తెను. ఆమె తెలుగున నడిగిన ప్రశ్నలు ఆ పిల్లకు సగమే తెలిసినవి. ప్రక్కనున్న యొక గిరిజన స్త్రీ తమ మాటలో చెప్పెను. నాడి చూచి, పొట్టపై చేయివైచి నొప్పుల నడిమి వ్యవధిని గడియారమున లెక్కించి, పిల్లను ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనజేసెను. పిదప తాను తొడుగుకొన్న వానకోటును విప్పి ఆమెపై కప్పెను. అంబులెన్సు వచ్చువరకు, ఇంచుమించు అరగంట, ఆ చేయి విడువక వానలో తడియుచు నిలిచియుండెను. మేము గొడుగువలె మా కోటును వారిపై పట్టుకొనుట తప్ప వేరేమియు చేయనెరుగము. బండి కదలిపోయిన తరువాత గాని వానకోటు ఆ పిల్లతోనే పోయినదని జ్ఞప్తికి రాలేదు.

ఆరోగ్యకేంద్రము చిన్నదే గాని శుభ్రముగా నున్నది. నర్సుల గదికి తలుపు గడియ గట్టిది. నీటికి పంపు కలదు. అత్తగారు అడుగునని ఇవి యన్నియు కాగితముపై వ్రాసికొంటిమి. ఆ రాత్రి చింతపల్లిలో గడిపితిమి. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు దళము ముట్టడించిన పోలీసు ఠాణా ఈ యూరిదే. ఈ కొండలలో దారులు వేయుటకు చాలీచాలని కూలితో గిరిజనులను పీడించుట ఆ పోరాటమునకు కారణములలో నొకటి. మేము నేడు సుఖముగా తిరుగు దారుల వెనుక ఎవరి చెమట యున్నదో తలచుకొనక పోరాదు.

మూడవనాటి ఉదయము లంబసింగి. అచ్చటివారు దీనినే కొఱ్ఱబయలు అందురు. ఆరుబయట నున్నవాడు చలికి కొఱ్ఱువలె బిగిసిపోవునని అర్థము. సుమారు 1000 మీటర్ల ఎత్తు. పుష్యమాసపు చలి అచ్చట ఒక్కొకయేడు సున్న డిగ్రీల దరికి దిగును. కార్తికముననే మా పండ్లు కొట్టుకొనెను. మంచు తొలగువరకు చలిమంట కడ కూర్చుంటిమి. ఈ తూరి తొందరపెట్టినవారు లేరు. ఎనిమిది గంటల పిదప ఘాటురోడ్డు దిగ మొదలిడితిమి. ఎక్కుటకంటె దిగుట కష్టము. బ్రేకు నొక్కిపట్టినయెడల అది వేడెక్కి పట్టు విడుచును. ఏ గేరులో ఎక్కవలసిన వాలో ఆ గేరులోనే దిగినచో ఇంజనే బండిని పట్టి యుంచును. ఎక్కి వచ్చు బండ్లకు దారి విడువవలయును. మా చెలి ఈ సంగతులను మలుపు మలుపునకు మాకు చెప్పుచు నడిపెను. క్రిందకు వచ్చి వెనుదిరిగి చూడగా, మేము కూర్చుండిన కొండకొన తెల్లని మేఘమున మునిగి యుండెను.

ఇల్లు చేరిన సాయంకాలము అత్తగారు మమ్ము ఎదుట కూర్చుండబెట్టుకొనిరి. పిల్లవాడు తల్లి ఒడిలో నుండెను. మేము దాపరికము లేక చెప్పితిమి: "అత్తయ్యగారూ, దారి కష్టమైనదే. వాన, మంచు, చలి, ఎప్పుడేది వచ్చునో తెలియదు. పిల్లవానికి బెంగ తప్పదు, మీకును తప్పదు. కాని మీ కోడలికి ఎచ్చట ఆగవలయునో తెలియును. మాకు తెలియలేదు; ఆమెకు తెలిసినది." గాలికొండ కడ మాకు వచ్చిన కోపమును, ఆవులను, డోలీని వరుసగా చెప్పితిమి. ఆ పిల్లకు సుఖప్రసవమై ఆడశిశువు కలిగినదని అంతకుముందే ఫోనులో తెలిసినది, అదియు చెప్పితిమి.

ఆవిడ చాలసేపు మాటాడలేదు. పిదప, "వానకోటు తిరిగి వచ్చినదా?" అని యడిగెను.

"లేదండీ" అని కోడలు తల వంచుకొనెను.

ఆవిడ లోనికి పోయి పెట్టె తెరచిన చప్పుడు వినబడినది. కలరా ఉండల వాసనతో ఒక పాత వానకోటు తెచ్చి, మడతలు విప్పి, చిఱుగులు లేవుగదా అని దీపపు వెలుతురున వెదకి చూచెను. "మా అబ్బాయిది. చేతులు కొంచెము పొడుగు, రెండు మడతలు పెట్టి కుట్టి ఇత్తును" అని సూదిలోనికి దారమెక్కింపుమని మనుమనికి ఇచ్చెను.